గుడ్డమీద సమస్యాపూరణం

“ఏదైనా కొత్తగా ఆలోచించుకు రండి” అనడం అధ్యాపక వృత్తిలో ఉన్నవాళ్ళకు మహా సుళువైన పని. చెప్పినవాడి బాధ్యత దానితో తీరిపోతుంది. విన్నవాడికి ఆ క్షణంనుంచి నిద్ర పట్టదు. హద్దూ పద్దూ లేని మైదానంలో మనిషిని నిలబెట్టి “ఎటైనా వెళ్ళు నాయనా” అంటే వాడు ఎటూ వెళ్ళడు. అక్కడే చతికిలబడతాడు, లేదా అంతకుముందు ఎవరో నడిచిన కాలిబాట ఉన్నదేమోనని వెతుక్కుంటాడు.

ఇది కవిత్వాన్ని గురించి అంటున్నమాట కాదు. బట్టల గురించి.

తెలుగు చెప్పుకుని బతికే పంతులికి బట్టల గొడవ ఏమిటని అడగవచ్చు. మా కాలేజీలో ఫాషన్ డిజైను చదివే పిల్లలకు ద్వితీయభాష తెలుగు. ఆ తెలుగు చెప్పేది నేను. ఇక్కడ నేను పద్యానికి ప్రతిపదార్థం చెబుతూ ఉంటే, వెనక బెంచీల్లో పుస్తకం చాటున గౌన్లూ, లంగాలూ, జాకెట్లూ గీతలు దిద్దుకుంటూ ఉంటాయి. కోప్పడే బదులు చూడడం మొదలుపెట్టాను. ముప్ఫైమంది గీసిన బొమ్మలూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. అదే జాకెట్టు చేతులు, అదే అంచు, అదే నడుము దగ్గర ముడి.

ఇందులో పిల్లల తప్పు లేదు. ఏదైనా కుట్టబోయేముందు ‘మూడ్ బోర్డు’ అని ఒక అట్ట తయారు చెయ్యమంటారు. ప్రేరణ ఇచ్చే బొమ్మలు దానిమీద అంటించాలి. బొమ్మలన్నీ ఫోనులోంచే వస్తాయి. ఫోనేమో అందరికీ అవే బొమ్మలు చూపిస్తుంది. పైగా ఇప్పుడు మాట చెబితే అరనిమిషంలో బొమ్మ గీసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. అవి గీసేదీ ఇదివరకు ఉన్న బొమ్మల పాకంలోంచి తీసిందే. అంచేత అట్టకూ, దాన్ని చూసి కుట్టిన బట్టకూ ఉండే సంబంధం మేనరికం కంటే దగ్గరగా ఉంటుంది.

ఆలోచన పుట్టించడానికి శాస్త్రం లేకపోలేదు. అమెరికాలో అలెక్స్ ఆస్బర్న్ అని ఒక ప్రకటనల వ్యాపారి ఉండేవాడు. 1953లో ఆయన ‘అప్లైడ్ ఇమాజినేషన్’ అని ఒక పుస్తకం రాశాడు. నలుగురూ కూడి తోచినదల్లా పైకి చెప్పాలి. చెబుతున్నంతసేపూ ఎవరినీ తప్పు పట్టకూడదు. ఎంత విపరీతంగా ఉంటే అంత మేలు. ఎన్ని ఎక్కువైతే అంత లాభం. ఒకరు అన్నదాన్ని ఇంకొకరు అందుకుని సాగదియ్యవచ్చు. ఇదీ ఆయన పద్ధతి. మనవాళ్ళు దీనికి మేధోమథనం అని పేరు పెట్టారు. పేరు కుదిరింది. పాలసముద్రం చిలికినప్పుడు కూడా ముందు పైకి వచ్చింది హాలాహలమే కదా! తొలి పది ఆలోచనలనూ ఎవరో ఒకరు గొంతులో పెట్టుకోక తప్పదు.

డిజైను శాఖలో మా సహోద్యోగిని ఒకావిడ ఈ పద్ధతిమీద బహు నమ్మకం గలవారు. ఒక మధ్యాహ్నం నన్నూ వచ్చి కూచోమన్నారు. ముప్ఫైమందిలో నలుగురు మాట్లాడారు. తక్కినవాళ్ళది గుంపులో గోవిందా. గట్టిగా నవ్వే కుర్రవాడొకడు మొదట ‘నెమలి’ అన్నాడు. గంట కొట్టేదాకా నెమలి గదిలోంచి బయటికి పోలేదు. నెమలి రంగు, నెమలి ఈక, నెమలి నడక.

ఆస్బర్న్ పుస్తకం వచ్చిన ఐదేళ్ళకే, 1958లో, యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెరీ, బ్లాక్ అనే ముగ్గురు దీన్ని పరీక్షించి చూశారు. నలుగురేసి కలిసి ఆలోచించిన జట్లు ఒకవైపు. ఎవరిమట్టుకు వారు విడిగా ఆలోచించిన నలుగురి జాబితాలు కలిపి, రెండుసార్లు వచ్చినవి తీసేసిన లెక్క ఇంకొకవైపు. విడిగా కూచున్నవాళ్ళే గెలిచారు. పదిమంది చేతిలో పాము చావదని మన పెద్దలు ఏ విశ్వవిద్యాలయమూ లేకుండానే చెప్పారు.

అలాగని కలిసి కూచోవడమే దండగ అనలేం. నోరు కట్టేసి చేతికి పని చెప్పడం ఒక ఉపాయం. 1968లో బెర్న్ట్ రోర్‌బాఖ్ అనే జర్మనీ ఆయన ఒక పద్ధతి చెప్పాడు. ఆరుగురు గుండ్రంగా కూచుంటారు. తలా ఒక కాగితం. ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాసి కాగితం పక్కవారికి ఇవ్వాలి. వచ్చిన కాగితంలో ఉన్నవి చదివి, వాటి కింద మరి మూడు. ఆరు విడతలయ్యేసరికి అరగంట. నూట ఎనిమిది ఆలోచనలు. అష్టోత్తరం అని పిల్లలు నవ్వారు గాని, రాశారు. ‘వానలో బస్సుకోసం నిలబడ్డ మనిషికి ఏం కుట్టాలి’ అన్నది ప్రశ్న. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి “తడిసినా తడిసినట్టు కనబడని చీరంచు” అని రాసింది. నెమలి కుర్రవాడి కాగితమూ ఆమె కాగితమూ ఒకే కొలత. అక్కడ కేకకు విలువ లేదు.

అయితే లెక్క పెరిగినంత మాత్రాన కొత్తదనం రాదు. నూట ఎనిమిదింటిలో సగం గొడుగులే.

ఈ సంగతి ఆలోచిస్తూ ఉండగా నాకు అవధానం తట్టింది. తిరుపతి వేంకట కవులు ఊరూరా సభలు చేసి తెలుగువాళ్ళకు రుచి చూపించిన విద్య. అందులో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉన్నది. అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు, ఆ తరవాత ఏ అక్షరం వస్తుందో ఊహించి, అది వాడకూడదంటాడు. ‘శ్రీ’ అనగానే ‘క’ కూడదు, ‘ర’ కూడదు. చూడడానికి ఇది అవధానిని ఇబ్బంది పెట్టడం. నిజానికి ఇది ఆయనకు ఉపకారం కూడాను. నిషేధంలోకి వెళ్ళేది ఎప్పుడూ ఏ అక్షరం? అందరికీ తోచే అక్షరం. అరిగిపోయిన మాట మొదలయ్యేచోటే గేటు పడుతుంది. కవి పక్కసందులోంచి పోవాలి. మనం సభలో “ఆహా” అనేది ఆ పక్కసందు చూసే.

కాబట్టి పిల్లలకు కావలసింది స్వేచ్ఛ కాదు, మంచి పృచ్ఛకుడు. అధ్యాపకుడి పని అదేనని నా నమ్మకం.

గుడ్డమీద నిషిద్ధాక్షరి ఇదివరకు జరగకపోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో గుడ్డకు కరువొచ్చింది. 1942లో ప్రభుత్వం నియమాలు పెట్టింది: ఇన్ని జేబులే, ఇన్ని బొత్తాలే, ఇన్ని కుచ్చులే. మగవాళ్ళ పంట్లాం కింద మడత పెట్టడం కూడా నిషేధమే. ఆ హద్దుల్లోనే దుస్తులు తయారు చెయ్యమని హార్డీ ఏమీస్, నార్మన్ హార్ట్‌నెల్ వంటి పేరుమోసినవాళ్ళను అడిగారు. సోకులు కుట్టే వీలు లేక వాళ్ళు భుజమూ, నడుమూ, గీతా మీదనే ఆధారపడ్డారు. ఆ బట్టలు ఇప్పటికీ ప్రదర్శనశాలల్లో నిలిచి ఉన్నాయి. ఆ హార్ట్‌నెల్లే 1947లో ఎలిజబెత్ రాకుమారి పెళ్ళిగౌను కుట్టాడు. దానికీ రేషను కూపన్లు లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

అంత దూరం పోనక్కర్లేదు. మన తేలియా రుమాలు చూడండి. చీరాల వైపు పేరుపొంది, పుట్టపాక సాలెల చేతుల్లో నిలిచిన పని. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నలుచదరపు గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు. నూలును నూనెలోనూ క్షారంలోనూ నానబెట్టి, నేతకు ముందే పోగులు కట్టి రంగు అద్దుతారు. అందువల్ల గుండ్రని గీత గియ్యాలన్నా మెట్లు మెట్లుగానే వస్తుంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య కూచుని ఆ నేతగాళ్ళు పువ్వులతో సరిపెట్టుకోలేదు. గడియారం నేశారు. విమానం నేశారు! ఆకాశంలో కొత్తగా కనబడ్డదాన్ని మూడు రంగుల గళ్ళలోకి దింపారు. వాళ్ళకు ఎవరూ మూడ్ బోర్డు ఇవ్వలేదు.

మా క్లాసులో దీన్నొక ఆటగా పెట్టాం. ఒకరు లేచి తాను చెయ్యబోయే మొదటి పని చెబుతారు. పక్కవాడు అది నిషేధిస్తాడు. ఒకడు పెళ్ళికొడుకు షేర్వాణీ చేస్తానన్నాడు, జరీ అన్నాడు. జరీ కూడదన్నారు. అద్దాలు? కూడదు. పూసలు? కూడదు. బంగారు రంగు? అదీ కూడదు. వాడికి ఒళ్ళు మండి రెండు రోజులు క్లాసుకు రాలేదు. మూడోరోజు ఒక సాటిన్ ముక్క పట్టుకొచ్చాడు. ఒకటే గుడ్డ, ఒకటే రంగు. నిలువుగా కొన్ని ముక్కలు, అడ్డంగా కొన్ని ముక్కలు కోసి కలిపి కుట్టాడు. సాటిన్‌మీద వెలుగు పోగు వాలును బట్టి పడుతుంది గనక నిలువు ముక్క ఒక ఛాయ, అడ్డముక్క ఇంకొక ఛాయగా కనబడుతున్నాయి. మనిషి కదిలితే ఛాయలు తారుమారవుతాయి. జరీ లేని మెరుపు. “ఇది నాకు ముందే తెలుసు మాస్టారూ, మా వీధి టైలరు ఇలా తప్పు కోస్తే తిడతారు” అన్నాడు. ఒకడి దగ్గర తప్పయినది ఇంకొకడి దగ్గర పద్ధతి అవుతుంది.

ప్రశ్నల జాబితాలు కూడా ఉన్నాయి. ఆస్బర్న్ ప్రశ్నలనే 1971లో బాబ్ ఎబెర్లీ ఏడు అక్షరాల కింద సర్ది ‘స్కాంపర్’ అన్నాడు. మార్చు, కలుపు, అరువు తెచ్చుకో, పెంచు, వేరే పనికి వాడు, తీసెయ్, తిరగెయ్. మొదట గుర్రాల దుప్పట్లకు రేకు మేకులు కొట్టే జేకబ్ డేవిస్ అనే టైలరు అవే మేకులు కూలీల పంట్లాం జేబులకు కొట్టాడు. 1873లో లీవై స్ట్రౌస్‌తో కలిసి పేటెంటు తీసుకున్నాడు. అదే నేటి జీన్స్. మగవాళ్ళ లోదుస్తుల జెర్సీ గుడ్డతో షనెల్ ఆడవాళ్ళ గౌన్లు కుట్టింది. గద్వాల్ చీరలో ఒళ్ళు నూలు, అంచు పట్టు. నేతలోనే రెంటినీ ముడివేస్తారు. జాబితా మంచిదే. కాకపోతే పిల్లలు దాన్ని పరీక్షలో ఏడు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టేస్తారు. ఏడింటిలో నాకు బాగా నచ్చింది చివరిది, తిరగెయ్యడం. ‘ఈ బట్ట ఎవరికి బాగుంటుంది’ అని అందరూ అడుగుతారు. ‘ఈ బట్ట ఎవరు తొడుక్కోలేరు’ అని అడిగి చూడండి.

నేను అడిగాను. వస్తువు రవిక. గది నిశ్శబ్దంగా ఉన్నది. చీరంచు రాసిన ఆ అమ్మాయి, “మా నాయనమ్మ తొడుక్కోలేదు మాస్టారూ” అన్నది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆవిడకు ఎడమచెయ్యి లేవదు. పనిచెయ్యని చేతిని ముందు తొడిగించాలి, విప్పేటప్పుడు చివర తియ్యాలి అని ఆస్పత్రిలో నర్సు చెప్పింది. చెప్పినట్టే చేస్తారు. ఐనా బిగువు చేతిలోంచి ముడుచుకుపోయిన మోచెయ్యి దూర్చేసరికి ఆవిడ కళ్ళవెంట నీళ్ళు. మగవాళ్ళ చొక్కా వేసుకోమంటే పెద్దావిడ ఒప్పుకోదు. చుట్టాలు వస్తే గదిలోంచి రాదు. మనవరాలి వయసువాళ్ళు ముప్ఫైమంది ఇది విని బొమ్మలు గియ్యడం ఆపేశారు.

ఇంకొక సంగతి తరవాత మా సహోద్యోగిని చెప్పారు. “రవిక కుట్టడానికి మూడేళ్ళ చదువెందుకు” అని ఆ పిల్ల తండ్రి చదువు మానిపించే ఆలోచనలో ఉన్నారట. వీధి చివర టైలరు దగ్గర ఆర్నెల్లలో వచ్చేస్తుంది గదా అని ఆయన లెక్క. ఆయనకు జవాబు చెప్పడం మాటలతో అయ్యే పని కాదు.

సమస్య దొరికింది. పూరణం ఎక్కణ్ణించి రావాలి? అవధానంలో దత్తపది అని ఉన్నది. సంబంధం లేని నాలుగు మాటలిచ్చి, వాటిని ఇమిడ్చి పద్యం చెప్పమంటారు. ఎడ్వర్డ్ డి బోనో అనే ఆయన ఆలోచనకు దాదాపు ఇదే మందు చెప్పాడు: సమస్యకు ఏ సంబంధమూ లేని ఒక మాటను యాదృచ్ఛికంగా తీసుకుని, రెంటికీ వంతెన కట్టు. 1967లో ఆయన మొదటి పుస్తకాలు వచ్చాయి. నేను మర్నాడు శబ్దరత్నాకరం చంకన పెట్టుకుని క్లాసుకు వెళ్ళాను. ఒకణ్ణి కళ్ళు మూసుకుని పుట విప్పి వేలు పెట్టమన్నాను. వేలికింద ‘గడియ’.

గడియ అంటే కాలం, ఇరవైనాలుగు నిమిషాలు. గడియ అంటే తలుపుకు వేసేది కూడాను. ఒక కుర్రవాడు మొదటి అర్థం పట్టుకుని, రోజుకు అరవై గడియలు గనక అరవై కుచ్చుల లంగా, తెల్లవారుజాము బూడిద రంగు నుంచి నడిరేయి నలుపుదాకా కుచ్చుకొక ఛాయ అన్నాడు. అరవై ఛాయలు అద్దడం ఎవరి తరం? పన్నెండు దగ్గర ఆగాడు. అదీ అందంగానే ఉన్నది.

ఆ అమ్మాయి రెండో అర్థం పట్టుకుంది. కాగితం మీద రవిక గియ్యలేదు, తలుపు గీసింది. తలుపుకు ఒకవైపు బందు, ఇంకొకవైపు గడియ. “చెయ్యి తలుపులోంచి దూరక్కర్లేదు మాస్టారూ. తలుపే వచ్చి చేతిమీద మూసుకోవాలి” అన్నది. మెడ దగ్గరనుంచి భుజంమీదుగా చేతి అంచుదాకా కుట్టు విప్పేసింది. చంక కింద కుట్టు మాత్రం ఉంచింది. అది బందు. గుడ్డను చంక కిందికి జరిపి, ముందు రెక్కా వెనక రెక్కా పైకి మడిచి భుజం దగ్గర గడియ పెడితే సరి. చెయ్యి ఎత్తనక్కర్లేదు. ఒంటినుంచి బెత్తెడు ఎడం చేస్తే చాలు.

గడియ దగ్గరే వచ్చింది చిక్కు. హుక్కులకు రెండు చేతులు కావాలి. టిచ్ బటన్లు ఒక చేత్తో నొక్కవచ్చు గాని నొప్పి ఉన్న భుజంమీద నొక్కాలి. వెల్‌క్రో పెట్టింది. బట్టలకు అంటుకునే ముళ్ళకాయలు చూసి 1941లో జార్జ్ డి మెస్ట్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు ఊహించిన పట్టీ అది. అది తన స్వభావం పోనిచ్చుకోలేదు. నాయనమ్మ పట్టుచీర పైట పోగులు లాగేసింది. పెద్దావిడ రవిక విప్పించి పారేసిందట. అప్పుడు పిల్ల కొయ్యపూసా తాడు ఉచ్చూ పెట్టింది. కుడిచేత్తో ఆవిడే వేసుకోగలిగింది. కాని ఎడమవైపు ఒత్తిగిలితే పూస గుచ్చుకుంటున్నది. పూసను భుజంమీంచి ముందుకు, మెడ ఎముక కిందికి జరిపింది. ఇవన్నీ పాత చీరల లైనింగు గుడ్డతోనే. కొత్త గుడ్డ కొనడానికి ఇంట్లో డబ్బు అడిగే పరిస్థితి లేదు. అదీ ఒక నిషిద్ధాక్షరే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. సంవత్సరాంతంలో బయటినుంచి వచ్చిన పరీక్షకులు దీన్ని ఇటూ అటూ తిప్పి, “ర్యాంపుమీద ఇది ఏం కనబడుతుందమ్మా?” అని మధ్యరకం మార్కులు వేసి వెళ్ళారు. పన్నెండు ఛాయల లంగాకు మొదటి బహుమతి వచ్చింది. మా సహోద్యోగినికీ నాకూ ఈ విషయంలో వాదన జరిగింది. చూసేవాళ్ళ కళ్ళు కూడా ఈ విద్యలో భాగమేనని ఆవిడ. తొడుక్కునేవాళ్ళ భుజం ముందని నేను. తేలలేదు.

తేలినది ఆ పిల్ల ఇంట్లో. పండగకు నాయనమ్మ కొత్త రవిక వేసుకుని వీధరుగు మీద కూచున్నదట. ఎదురింటి ముసలమ్మ, ఆవిడకు పక్షవాతం కాదు, భుజం బిగుసుకుపోయింది, “నాకూ ఒకటి కుట్టించవే” అన్నది. ఆమెకు పట్టేసినది కుడిభుజం. తలుపు అటువైపుకు మార్చాలి. తరవాత ఒక బాలింతరాలు అడిగింది. తండ్రి ఫీజు కట్టాడు. ఎందుకు కట్టాడో చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మొన్న స్టాఫ్ రూముకు వచ్చి తొమ్మిదో నమూనా చూపించింది. పూస ఇంకా కుదరలేదట. ఉతికినప్పుడు తాడు బిగుసుకుంటున్నది. “నిఘంటువు ఒకసారి ఇస్తారా మాస్టారూ” అన్నది. ఇచ్చాను. కళ్ళు మూసుకుని వేలు పెట్టింది. ‘చిక్కం’ వచ్చింది. దూడ మూతికి కట్టేది. ఆ పుట దగ్గర దారం ముక్క పెట్టి, పుస్తకంతో సహా పట్టుకుపోయింది.